దారియ్యక్కా

కంభం పోస్టాఫీసులో నేను పనిచేసిన రోజుల్లో, పొద్దున టపా వస్తున్నదని ముందుగా చెప్పేవి గజ్జెలు. రన్నరు సీమోను భుజాన తోలుసంచి ఉండేది, చేతిలో పొట్టి బల్లెం. ఆ బల్లేనికి కట్టిన గజ్జెలు అతను అడుగు వేసినప్పుడల్లా మోగేవి. నల్లమల అంచున పోయే దారి కదా, ఎలుగుబంట్లలాంటి జంతువులు తొలగిపోవడానికి సర్కారు చేసిన ఏర్పాటది. గజ్జెల మోత వెనకాలే ఇంకో జత కాళ్ళ చప్పుడు వినిపించేది. అది సీమోను కూతురు ఎలీషబాది.

వాళ్ళ పల్లె అర్ధవీడు దారిలో కొండ కింద ఉంది. కంభానికి ఆరు మైళ్ళు. పల్లెలోని మిషను బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. కంభంలో ఎనిమిది దాకా ఉంది. అందుకని ఆ పిల్ల పొద్దున తండ్రి వెంట పరుగున బడికి వచ్చి, సాయంత్రం రైలు టపా దిగాక మళ్ళీ తండ్రి వెంట పరుగున ఇంటికి పోయేది. దాన్ని ఎవరూ సాధన అనలేదు. బడికి పోవడం అన్నారు.

నా భార్య మగ్దలీనమ్మ ఆ బడిలోనే టీచరు. ఎలీషబా మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే తినేది. ఆమెను అత్తా అనేది, ఆ వరసన నన్ను మామా అనేది. మగ్దలీనమ్మ పోయిన తర్వాత ఊళ్ళో చాలామందికి నాతో ఎలా మాట్లాడాలో తెలియక మాటలు తగ్గించారు. ఎలీషబా తగ్గించలేదు. పొద్దున రాగానే మా వరండాలోని కుండలో నీళ్ళు ముంచుకొని తాగి, నాకూ ఒక చెంబు నింపి బల్లమీద పెట్టి, "తాగు మామా" అని బడికి పోయేది. అడగకుండా వచ్చిన ఆ చెంబెడు నీళ్ళ మీద నేను ఆ ఏడాది చాలావరకు గడిపాను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఎలీషబా ఎనిమిదో తరగతి ముగించింది. పదహారేళ్ళు నిండాయి. ఇక ముందు ఆ పిల్లకు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి మార్కాపురం పలకల గనిలో వాళ్ళ పిన్నమ్మతో పాటు కూలి, రెండోది పెళ్ళి. అప్పుడు మద్రాసు నుంచి జ్ఞానమ్మగారు వచ్చింది.

జ్ఞానమ్మగారు డ్రిల్లు టీచరు. పొట్టిగా, చురుగ్గా ఉండేది. మెడలో విజిల్, చేతిలో గొడుగు. ఆడపిల్లలకు ఆటలూ కసరత్తూ నేర్పే టీచర్ల శిక్షణ మద్రాసులో కొత్తగా మొదలైంది. మా వైపు మిషను బళ్ళ నుంచి ఏటా ఒక పిల్లను తీసుకుంటారు. తిండి, బస వాళ్ళే చూస్తారు. రెండేళ్ళు చదివితే ఉద్యోగం. ఆ ఒక్క పిల్లను ఏరుకోవడానికి ఆమె మార్కాపురంలో పరుగుపందెం పెట్టించింది.

సీమోను టపా విడిచి రాలేడు. నేను సెలవు పెట్టి ఎలీషబాను రైల్లో తీసుకుపోయాను. పిల్లలు మిషను ఆవరణ నుంచి బయలుదేరి, పలకరాళ్ళ గుట్టల దాకా పోయి, చుట్టి తిరిగి రావాలి. పది పన్నెండు మంది ఉన్నారు. అందరూ ఓణీలు నడుముకు బిగించి నిలబడ్డారు. గుట్టల దగ్గరికి చేరేసరికి సగంమంది రాళ్ళమీద కూర్చున్నారు. మిగిలినవాళ్ళలో ముందు గిద్దలూరు రైల్వేగార్డు కూతురు ఆదిలక్ష్మి. పొడుగైన పిల్ల, పొడుగైన జడ. ఆమె వెనక రెండు మూరల దూరంలో మా ఎలీషబా. పోయేటప్పుడు అదే దూరం, వచ్చేటప్పుడు అదే దూరం. ముగింపు గీత దాటేటప్పుడు కూడా అదే దూరం.

ఆదిలక్ష్మి గీత దాటి నేలమీద చతికిలబడింది. ఎలీషబా మామూలుగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏందే పాపా, కాళ్ళు రాలేదా?" అన్నాను.

"ఎందుకు రావు మామా?"

"మరి దాటలేదేం?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ముందర ఆమె ఉంది గదా!"

"అందుకే దాటమనేది."

"ముందరోళ్ళను దాటి యాడికి పోతారు మామా? గజ్జెల ముందరికి పోయినోడు ఎలుగ్గొడ్డుకు ఎదురుపోయినట్టే అంటాడు నాయన."

"ఆ పిల్ల చేతిలో గజ్జెలు ఎక్కడున్నాయే?"

"లేవు. నేనూ అదే అనుకుంటా పోయినా. గజ్జెలు లేకుండా ముందర పోతాంది, ఎంత ధైర్యమో అని."

నాకు నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. మూడేళ్ళుగా ఆ పిల్లకు పరుగంటే ఒకరి వెనక పోవడమే. కొండదారిలో ప్రాణం కాపాడిన బుద్ధి అది. మార్కాపురంలో సీటు పోగొట్టేలా ఉంది.

జ్ఞానమ్మగారు మాత్రం ఏదో కనిపెట్టింది. గొడుగు కొసతో ఎలీషబా వైపు చూపిస్తూ, "ఈ అమ్మాయి రవికె కూడా తడవలేదు పోస్టుమాస్టరుగారూ. మొదటి పిల్ల చెమటకు నిలువునా తడిసిపోయింది. ఇదేం రెండో స్థానమో నాకు అర్థం కావడం లేదు" అంది. నేను గజ్జెల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "రెండు నెలల తర్వాత కంభం మీదుగా తిరిగి వెళ్తాను. అప్పుడు ఈ ఇద్దరికే పందెం. ముందు పోవడం చేతకాని మనిషి రేపు పిల్లల్ని ఎలా నడిపిస్తుంది? దాటడం నేర్పించండి" అంది.

మద్రాసు కాలేజీలో చదివేటప్పుడు నేనొకసారి మైలు పరుగులో పాల్గొని, చివరినుంచి రెండోవాడిగా వచ్చాను. ఈ విద్యలో నా అర్హత అంతే. అయినా నాకొక సైకిలు ఉంది. సాయంత్రం రైలు వచ్చేలోపు ఖాళీ ఉంది. చాలాకాలానికి సాయంత్రాలకు ఒక పని దొరికింది.

బడి ముగిసినా ఎలీషబా రోజూ తండ్రి వెంట వస్తూనే ఉంది. చెరువు రోడ్డు మీద మొదలుపెట్టాం. దాటడానికి మనుషులు దొరకరు కాబట్టి బళ్ళు చూపించాను. మొదటి రోజు ముందు కొండయ్య రెండెద్దుల బండి పోతున్నది. "దాటు" అన్నాను. ఎలీషబా బండి పక్కకు పోయి, తలెత్తి, "కొండయ్య తాతా, దాటుకుంటా, ఏమనుకోవాక!" అంది.

కొండయ్య మూతి తుడుచుకున్నాడు. "నన్నడుగుతావేంది పాపా, నేను కూసోని ఉండా. నడిసేది ఎద్దులు. వాటినడుగు. వాటికి రోషమెక్కువ."

ఆ పిల్ల నిజంగానే పరుగు ఆపకుండా ఎద్దు చెవి దగ్గర ఏదో చెప్పింది.

"దానికి ఇనపడదు," అన్నాడు కొండయ్య. "ఎడమదానికి చెవుడు. ఈ పక్కకు రా."

నేను సైకిలు దిగి, "అడక్కుండా దాటవే తల్లీ! పందెంలో ఎవరూ అడగరు" అన్నాను.

"అడక్కుంటే ఎట్ల మామా? ఎనకనుంచి సప్పుడు లేకుండ మన పక్కకు ఒకరొస్తే మనకు గుండె ఆగిపోదా?"

కాలేజీలో నన్ను దాటిపోయిన వాళ్ళెవరూ నా గుండె సంగతి ఆలోచించలేదు. సరే, అడిగే దాటమన్నాను. ఆ నెలంతా ఆ పిల్ల చెరువు రోడ్డు మీద బళ్ళనూ, బర్రెలనూ, గడ్డిమోపులు మోసుకొచ్చే ఆడవాళ్ళనూ వరసపెట్టి పిలిచి, అనుమతి తీసుకొని దాటింది. ఊళ్ళో అందరికీ పందెం సంగతి తెలిసిపోయింది. అడగకముందే, "పో పాపా, పో" అని పక్కకు జరగడం మొదలుపెట్టారు. అదీ సాధనకు అడ్డే.

అసలైన అడ్డు సీమోను. అందరినీ దాటే పిల్ల తండ్రిని దాటదు. పొద్దున పరుగులో మళ్ళీ ఆ రెండు మూరల దూరమే. వెనక ఉండిపోవడం ఆ పిల్ల ఒంట్లో ఇంకింది ఆ దారిలోనే, వదలవలసిందీ ఆ దారిలోనే అని నాకనిపించింది. సీమోనుతో చెప్పాను. అతను చాలాసేపు గజ్జెలు సర్దుకున్నాడు.

"ఆడపిల్ల అయ్యా. అందరికన్న ముందర పోతాదంటే రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు?"

"పలకల గనిలో వంగి వంగి నడుము పోయాక ఎవరు చేసుకుంటారు సీమోనూ?"

అతను సంచి భుజానికెత్తుకొని పోయాడు. కాని రెండు రోజుల తర్వాత, "రేపు పొద్దున మీరు దారికి ఎదురు రాండి అయ్యా, సూద్దాం" అన్నాడు.

పొద్దున్నే సైకిలేసుకొని కొండలు దాటాక వచ్చే చదును దాకా పోయాను. మనుషులు కనిపించకముందే గజ్జెలు వినిపించాయి. వాటితో పాటు పోట్లాట.

"దాటవే!"

"నువ్వు మెల్లగ పోతే దాటుతా."

"నేను మెల్లగ పోతే టపా ఆలస్యమైతాది. అయ్య ఊరుకుంటాడా?"

"అయితే దాటను."

"ఆ గిద్దలూరు పిల్లకు రాసిచ్చేసినావా సీటు?"

"ఎలుగ్గొడ్డు వస్తే నాయనా?"

"ఇది జొన్నచేను గదే! ఈడ ఎలుగ్గొడ్డు యాడిది? ఎదురుగ సూడు, పోస్టయ్య తప్ప ఏమీ లేదు!"

ఆ పిల్ల నన్ను చూసింది. నేను ప్రమాదం లేనివాణ్ణని తేలడానికి కొంచెంసేపు పట్టింది.

"అయితే పోతాన్నా నాయనా?"

"పో తల్లీ."

ఎలీషబా తండ్రి కుడిపక్కకు వచ్చింది. ఒక్క క్షణం ఇద్దరి అడుగులూ కలిశాయి. తర్వాత ఆ పిల్ల ముందు ఉంది. ఆ తర్వాత నా సైకిలు దాటి వెనక్కి పోయింది. నేను తల తిప్పి చూసేసరికి పాదాల కింద లేచిన దుమ్ము మాత్రం జొన్నచేల పక్కన తేలుతున్నది.

టపా ఆగకూడదు గనక సీమోను ఆగలేదు. నేనే సైకిలు తిప్పి అతని పక్కన తొక్కాను. అతను ముందుకే చూస్తున్నాడు.

"మూడేండ్లాయె అయ్యా, దాని అడుగుల సప్పుడు నా ఈపు ఎనకాల ఇంటానే ఉండా. అది పరిగెత్తితే ఎట్లుంటాదో ఎప్పుడూ సూడలే." కొంత దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "శానా బాగుంది."

ఆ పొద్దు టపా ఎప్పటికన్నా ముందే వచ్చింది. కూతుర్ని కనుచూపులో ఉంచుకోవడానికి సీమోను అంత తొందరపడ్డాడు.

పందెం రోజు జ్ఞానమ్మగారు పగటి రైలుకు దిగింది. సాయంత్రం మెయిలుకు పోవాలి. ఆదిలక్ష్మి వాళ్ళ నాన్నతో గార్డు పెట్టెలో వచ్చింది. స్టేషను దగ్గర మొదలుపెట్టి, చెరువు దాకా పోయి, తిరిగి స్టేషనుకు రావాలి. పిల్లల వెనక జట్కాలో జ్ఞానమ్మగారు, పక్కన నేను. కొండయ్య బండి ఒక ఓరకు నిలిపి, ఎద్దుల మెడల మీద చేతులేసి నిలబడ్డాడు. సీమోను టపా సంచి కోసం స్టేషన్లో కాచుకొని ఉన్నాడు.

ఆదిలక్ష్మి జడ ముందుకు వేసుకొని చూపించింది. "కంభం పిల్లా, ఈసారి కూడా నా జడ చూసుకుంటూ రా. నీకోసమే కొత్త కుచ్చులు కట్టించినా."

"బాగున్నాయక్కా," అంది ఎలీషబా. నిజంగా బాగున్నాయనే చెప్పింది. ఆదిలక్ష్మి మొహం చిట్లించింది.

విజిల్ మోగింది. చెరువు దాకా మార్కాపురంలో జరిగిందే మళ్ళీ జరిగింది. ముందు కొత్త కుచ్చులు, వెనక రెండు మూరల దూరంలో మా పిల్ల. చెరువు చూసి తిరిగారు. ఊరి మొదటి ఇళ్ళు కనిపిస్తున్నాయి. జ్ఞానమ్మగారు నా వైపు చూసింది. నేను గుర్రం చెవుల వైపు చూశాను.

అప్పుడు ఎలీషబా గొంతు వినిపించింది.

"అక్కా, దారియ్యి, పోతాను."

"ఇయ్యను!" అంది ఆదిలక్ష్మి.

రెండు నెలల సాధనలో ఒక్కరంటే ఒక్కరు ఇయ్యనన్నవాళ్ళు లేరు. ఇలా అంటే ఏం చెయ్యాలో నేను ఆ పిల్లకు నేర్పలేదు.

కొంచెం దూరం పోయాక, "అక్కా, రవ్వంత ఎడమకు జరిగితే చాలు."

"రోడ్డు... మీ నాయనదా?"

"కాదక్కా. సర్కారుది."

జట్కా తోలేవాడు కళ్ళెం వదిలి, నవ్వు బయటికి రాకుండా చేత్తో నోరు మూసుకున్నాడు.

"సర్కారుదైతే... నోర్మూసుకొని... రావే."

"వస్తాండా గదక్కా. నీకు ఇంక ఎంత దూరం పోవాలనుంది?"

ఆదిలక్ష్మి ఏదో ఘాటుగా చెప్పబోయింది. నోరు తెరిచింది. మాట రాలేదు. రెండోసారి తెరిచింది. ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

"ఆయాసంగా ఉన్నట్టుంది, మాట్లాడొద్దులే అక్కా," అంది ఎలీషబా, ఎంతో దయగా. "చెయ్యి ఊపు, చాలు."

అంతే, ఆదిలక్ష్మికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. పక్కటెముకలు పట్టుకొని, నవ్వుతూ, ఏడ్చినంత పనిచేస్తూ రెండో చెయ్యి ఎత్తి ఊపింది. "పోవే! పోయి చావు!"

"సరేనక్కా!"

ఆ తర్వాత ఎలీషబా పోయిన తీరు మా జట్కా గుర్రానికి కూడా అందలేదు. కొండయ్య ఎద్దులు బెదిరి పక్కకు జరిగాయి. స్టేషను గేటు దగ్గర జనం కేకలు పెట్టారు. ఆ కేకల్లో సీమోను గొంతు నాకు విడిగా వినిపించింది.

మేము చేరుకున్నాక ఆదిలక్ష్మి ఫిర్యాదు చేసింది. "ఆమె నాతో మాట్లాడించి గెలిచింది మేడమ్!"

"నువ్వెందుకు మాట్లాడావు?" అంది జ్ఞానమ్మగారు.

"అడిగితే బదులు చెప్పకపోతే మర్యాదేనా?"

జ్ఞానమ్మగారు ఈసారి నవ్వింది. అందరం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. ఎవరో మజ్జిగ తెచ్చారు. మొదటి గ్లాసు ఎలీషబా ఆదిలక్ష్మికి ఇచ్చింది.

"సీటు నీదే," అంది జ్ఞానమ్మగారు. "ఆఖరి ఫర్లాంగులో అంత కబురు చెప్పగలిగిన పిల్లను నేను చూడలేదు. అంటే నువ్వు ఇంకా పూర్తిగా పరుగెత్తనే లేదు. నీలో ఎంత దూరం ఉందో నాకు తెలియదు, నీకూ తెలియదు. కాని ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ ఆడపిల్లలకు ఇంత దూరం పందేలు లేవు. రెండు వందల గజాలు దాటితే ఆడవాళ్ళ ఒంటికి చెడు చేస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే అంటున్నారు."

సీమోను ముందుకు వచ్చాడు. "రోజూ పోను ఆరు మైళ్ళు, రాను ఆరు మైళ్ళు అమ్మగారూ. యాడ చెడిందో సూసి చెప్పమనండి."

"నేను నమ్మను సీమోనూ. నేను నమ్మనని చెబితే చాలదు, చూపించాలి. అందుకు నాకొక మనిషి కావాలి. రెండేళ్ళకు ఈ పిల్ల టీచరవుతుంది. అప్పుడు తన బడిలో పిల్లల్ని ఎంత దూరం పరుగెత్తిస్తుందో తన ఇష్టం."

సీమోను ఆలోచించాడు. "ఆడ పొద్దున జొన్నరొట్టె పెడతారా?"

"ఇడ్లీ పెడతారు."

"దాంతో ఎంత దూరం పోతాది అమ్మగారూ?" అన్నాడు దిగులుగా. పెళ్ళి గురించి గాని, మద్రాసు దూరం గురించి గాని అతను మళ్ళీ అడగలేదు. చివరికి, వాళ్ళమ్మ రొట్టెలు కాల్చి రైల్లో పంపితే అందుతాయా అని నన్ను అడిగాడు. అందుతాయన్నాను. పోస్టుమాస్టరుగా నేను ఇచ్చిన మాటల్లో నాకు బాగా నచ్చినది అది.

"వచ్చే ఏడు సీటు నాది," అంది ఆదిలక్ష్మి, మజ్జిగ మీసం తుడుచుకుంటూ. "వెనకనుంచి ఎవరేమడిగినా పలకను."

మెయిలు వచ్చింది. జ్ఞానమ్మగారు గొడుగునూ పెట్టెనూ ఎక్కించుకొని, జూన్‌లో రమ్మని మరోసారి చెప్పి వెళ్ళిపోయింది. టపా సంచి దిగింది. సీమోను సంచి భుజాన వేసుకొని బల్లెం తీసుకున్నాడు. గజ్జెలు మోగాయి. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

గేటు దాటాక ఎలీషబా వెనక్కి తిరిగింది, పరుగు ఆపకుండా.

"మామా! నువ్వు మద్రాసులో ఉన్నావు గదా. సముద్రం ఒడ్డు ఎంత పొడుగుంటాది?"

"కొస చూసినవాళ్ళను నేనెరగను," అని అరిచాను.

"ఇసక మెత్తగుంటాదా? కాళ్ళు దిగబడతాయా?"

పెళ్ళైన కొత్తలో మగ్దలీనమ్మను సముద్రం చూపించడానికి తీసుకుపోయాను. అలలంటే ముందు భయపడింది. తర్వాత కుచ్చెళ్ళు పైకి దోపి, నన్ను పొడి ఇసుకలో వదిలేసి, నీళ్ళ అంచుకు పోయి మడమతో నేలను తట్టి తట్టి చూసింది. ఇక్కడ ఎంత గట్టిగా ఉందో రండి అని పిలిచింది. ఆ సాయంత్రం నాకు ఎన్నో ఏళ్ళుగా గుర్తుకు రాలేదు.

"అల తాకిపోయిన చోట గట్టిగా ఉంటుందే!" అని అరిచాను. "మీ అత్త తొక్కి చూసింది!"

వాళ్ళు అప్పటికే దూరం పోయారు. సాయంకాలపు ఎండలో ఒక చెయ్యి లేచింది.

"అయితే పరిగెత్తొచ్చు మామా!"